నెల్లూరు, ప్రకాశం ఇళ్ళకు కుక్క తలుపు: చోటు, కొలత, కోత, బిగింపు

కుక్క తలుపంటే పెద్ద విద్యేం కాదు. తలుపుకో గోడకో ఒక కంత, దానికి పైనుంచి వేలాడే ఫ్లాప్. కుక్క తలతో నెట్టుకుని పోతుంది, ఫ్లాప్ తనంతట తానే మూసుకుంటుంది. ఆ కంతలోంచి కుక్క ఒక్కటే రాదు, అదే చిక్కు. కార్తీకంలో వాన కొడుతుంది, రోహిణి కార్తెలో వడగాలి దూరుతుంది. సందెవేళ దోమలు, రాత్రిపూట కట్లపాము, రేపటికి ముక్కకు పులుపు పట్టాలని గట్టు మీద ఉంచిన చేపల పులుసు వాసనకు పక్కింటి పిల్లి.

అమ్మకానికి దొరికే కుక్క తలుపులు చాలావరకు చలి దేశాల ఇళ్ళను చూసి చేసినవి. లోపలి వెచ్చదనం బయటికి పోకుండా చూడటం వాటి మొదటి పని. మనకు కావలసింది వేరు: వాన ఆపాలి, పురుగూ పుట్రా ఆపాలి, దొంగ చెయ్యి ఆపాలి. అందుకే ముందు చోటు చూసుకోవాలి, తర్వాత కొలత తీయాలి, కొనడం ఆఖరున. చాలామంది దీన్ని తిరగేసి, ఆన్‌లైన్లో కొనేసి, పెట్టె వచ్చాక ఎక్కడ బిగించాలా అని ఇల్లంతా తిరుగుతారు.

చోటు

సింహద్వారం జోలికి పోవద్దు. గడపకు పసుపు రాసే ఇంట్లో ఆ తలుపుకు కంత పెడతానంటే పెద్దవాళ్ళు ఊరుకోరన్నది ఒక మాట. అంతకన్నా ముఖ్యం, అది వీధికి కనిపించే తలుపు. మీ ఇంట్లో ఎంత కుక్క ఉందో, కంతలో మనిషి భుజం పడుతుందో లేదో దారినపోయేవాడికి చూపించడం దేనికి?

పెరటి తలుపు, వంటింటి వెనక వాష్ ఏరియా తలుపు, పక్క సందులోకి తెరుచుకునే తలుపు, ఈ మూడింట్లో ఏదో ఒకటి చాలా ఇళ్ళకు కుదురుతుంది. అవతల ప్రహరీ మాత్రం తప్పకుండా ఉండాలి, గేటు కింద కుక్క దూరేంత సందు ఉండకూడదు. ప్రహరీ లేని ఇంటికి కుక్క తలుపు పెట్టడమంటే కుక్కను ఊరి మీదికి వదిలేయడమే. ప్రహరీ ఉన్నా సరే, తనంతట తాను బయటికి పోయే కుక్కకు రేబిస్ టీకా ఒక్క ఏడు కూడా తప్పకూడదు. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు, కుక్కకైనా మనిషికైనా.

పెరట్లో సంపు ఉంటే మూత గట్టిదేనా, బావి ఉంటే గట్టు ఎత్తుందా చూడండి. ఇది కుక్క కోసమే కాదు. లాబ్రడార్ పట్టే కంతలో పాకే వయసు పిల్ల సునాయాసంగా పడుతుంది. అంత చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ పని రెండేళ్ళు వాయిదా వేసుకోమంటాను. కాదంటే, పెద్దవాళ్ళు ఆ గదిలో లేనప్పుడల్లా కంతను పూర్తిగా మూసే జారుడు మూత పలక దించి ఉంచాలి. ఆచరణలో అది ఎవరికీ గుర్తుండదు.

ఇక దిక్కు. మన తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలతో, వాటి వెంట వచ్చే వాయుగుండాలతో పడతాయి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడూ, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ ఇక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు, అవి నిలువునా పడే వానలు కావు, గోడల్ని పట్టుకుని కొట్టే వానలు. ఎక్కువగా తూర్పు, ఈశాన్యం వైపు నుంచి కొడతాయి. వాస్తు చెప్పేవాళ్ళు తూర్పూ ఈశాన్యమూ తెరిచి ఉంచమంటారు, వాన కూడా అదే దారి చూసుకుంటుంది. ఇంట్లో పట్టింపు ఉంటే సిద్ధాంతిని అడగండి, కాదనను. కానీ ఆయన అటే పెట్టమంటే పైన రెండడుగుల సన్‌షేడ్ వేయించుకుని పెట్టండి. పడమటి గోడ అయితే వాన తక్కువే గానీ, మధ్యాహ్నం ఎండ సూటిగా పడి ప్లాస్టిక్ ఫ్లాప్ మెత్తబడి వంకర పోతుంది. ఎంచుకునే వీలుంటే దక్షిణం వైపు, సన్‌షేడ్ కింద, అవతల చెట్టు నీడో రేకు నీడో ఉన్న చోటు చూడండి. మే నెల మధ్యాహ్నం ఎండలో కాగిన సిమెంటు గచ్చు మీద కుక్క పాదాలు బొబ్బలెక్కుతాయి. కంత దాటగానే నీడ ఉంటే కుక్క పని చూసుకుని వెంటనే లోపలికొస్తుంది.

మన ఇళ్ళ అరుగు ఎత్తు కూడా లెక్కలోకి రావాలి. వరద భయంతో చాలామంది నేలకన్నా రెండు మూడడుగులు లేపి కడతారు. లోపల గచ్చు నుంచి ఆరంగుళాలున్న కంత అంచు, బయట మెట్టు లేని చోట మూడడుగుల గోడ అవుతుంది. కుక్క దూకేస్తుంది, మళ్ళీ ఎక్కలేదు. బయట కనీసం రెండడుగుల వెడల్పున్న అరుగో మెట్టో ఉండాలి. లేకపోతే కంత కోసే రోజే మేస్త్రి చేత ఇటుకలతో కట్టించేయండి.

దేన్ని కోయాలి

టేకు తలుపును చూపించి ఇక్కడ కోయమంటే ఏ కార్పెంటరైనా మొదట అనే మాట ఇదే: "ఏందన్నా, లచ్చణంగా ఉండే తలుపుకు బొక్క పెట్టమంటుండావే!" ఆయన బాధలో సగం న్యాయం ఉంది. మంచి తలుపును కోసేముందు కోయకుండా పని జరిగే దారి ఉందేమో చూడాలి. మన జిల్లాల్లో ఆ దారి తరచూ ఉంటుంది, దోమల పుణ్యాన. నెల్లూరు దోమల సంగతి కొత్తగా చెప్పాలా! చాలా ఇళ్ళలో పెరటి తలుపుకు జోడుగా మెష్ తలుపు ఉంటుంది. పగలు చెక్క తలుపు తెరిచి, మెష్ తలుపు వేసి ఉంచుతారు. కుక్క తలుపును ఆ మెష్ తలుపులోనే బిగిస్తే అసలు తలుపు చెక్కు చెదరదు. రాత్రి చెక్క తలుపు వేసేస్తే కంత సంగతే మరిచిపోవచ్చు. పాము, దొంగ, తుపాను మూడింటికీ ఒకే గడియ. ఇంట్లో మెష్ తలుపు లేకపోతే కొత్తగా ఒకటి చేయించి అందులో కుక్క తలుపు పెట్టమని చెప్పడానికే నేను మొగ్గు చూపుతాను. అద్దె ఇంటికైతే ఇంకో దారే లేదు. ఖాళీ చేసేటప్పుడు మెష్ తలుపు విప్పుకుని వెంట తీసుకుపోవచ్చు.

ఒక్క జాగ్రత్త. మెష్ జల్లెడకు ఫ్లాప్ చట్రం నేరుగా బిగిస్తే వారానికే చిరుగుతుంది. మెష్ తలుపు కింది భాగంలో జల్లెడ తీసేసి, అక్కడ 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక వేయించి, ఆ పలకలో కోయాలి. వాన తగిలే చోటు కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి, మామూలు ప్లై రెండు కార్తీకాలకు పొరలు విప్పుకుంటుంది.

చెక్క తలుపునే కోయాల్సి వస్తే అది ఏ రకమో తెలియాలి. పాతకాలపు టేకు, వేప తలుపుల్లో నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు కలిసి చట్రం, వాటి మధ్య పలకలు. బరువంతా మోసేది చట్రం. కోత పలక లోపలే ఉండాలి, నిలువు పట్టీని ఒక్క అంగుళం కూడా తాకకూడదు. పలక వెడల్పు చాలకపోతే ఆ తలుపు మీ కుక్కకు పనికిరాదు, అంతే. రెండు రెక్కల తలుపుల్లో ఈ సమస్య తరచూ వస్తుంది, ఒక్కో రెక్క సన్నం కాబట్టి.

ఫ్లష్ డోర్ (రెండు వైపులా చదునుగా ఉండే తలుపు) అయితే వేలి కణుపుతో తట్టి వినండి. గట్టిగా పలికితే లోపల నిండు చెక్క. డొల్లగా పలికితే మధ్యలో ఖాళీ. డొల్ల తలుపును కూడా కోయవచ్చు, కానీ కోసిన నాలుగు అంచుల్లోనూ చెక్క బద్దీలు ఫెవికాల్‌తో దూర్చి, బిగించి, ఒకరోజు ఆరనివ్వాలి. లేకపోతే బోల్టు బిగించేకొద్దీ రెండు వైపులా పైపొర లోపలికి నొక్కుకుపోతుంది. తలుపు అంచు నుంచి కోతకు కనీసం మూడంగుళాలు వదలాలి.

బాత్రూములకు వేసే పీవీసీ తలుపులు వాష్ ఏరియాకు కూడా వేస్తుంటారు. కోయడం తేలికే గానీ బరువైన కుక్క రోజూ నెడితే నిలబడవు. పామేరియన్, పగ్ లాంటివాటికి పరవాలేదు. ఇనుప రేకు తలుపైతే వెల్డింగ్ షాపుకు తీసుకుపోండి. కోసిన అంచును గ్రైండ్ చేయించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించి, యూ ఆకారపు రబ్బరు బీడింగ్ తొడిగించాలి. టఫెన్డ్ గాజును బిగించాక కోయడం కుదరదు. కోతంటూ ఉంటే అది గాజును కాల్చి గట్టిపరచక ముందే ఫ్యాక్టరీలో జరగాలి.

కొలత

మూడు కొలతలు కావాలి. కుక్కను గోడ పక్కన నిటారుగా నిలబెట్టి, భుజం మీద ఒక పుస్తకం అడ్డంగా పెట్టి గోడకు ఆనించి పెన్సిల్ గీత గీయండి. నేల నుంచి ఆ గీత దాకా భుజం ఎత్తు. తల ఎత్తుతో పని లేదు, ఏ కుక్కైనా కంతలో తల వంచే పోతుంది. రెండోది నేల నుంచి రొమ్ము కింది భాగం దాకా. మూడోది వెడల్పు. దీన్ని టేపుతో కొలిస్తే బొచ్చు మోసం చేస్తుంది. తలుపును కొద్దిగా తెరిచి, కదలకుండా అవతల బరువు పెట్టి, కుక్కను పిలవండి. రాసుకోకుండా దూరిపోయేంత సందు ఎంతో చూసి, దానికి రెండంగుళాలు కలపండి.

ఫ్లాప్ పై అంచు భుజం ఎత్తుకన్నా ఒకటి రెండంగుళాలు పైన ఉండాలి. కింది అంచు రొమ్ముకన్నా రెండంగుళాలైనా కిందికి ఉండాలి, ఇంకా కిందికి ఉంటే మరీ మంచిది. భుజం ఎత్తు 22 అంగుళాలు, రొమ్ము 11 అంగుళాలు ఉన్న లాబ్రడార్‌ను లెక్కేద్దాం. పై అంచు నేల నుంచి 24 దగ్గర, కింది అంచు 8 దగ్గర పెడితే ఫ్లాప్ ఎత్తు 16 అంగుళాలు. కుక్క వెడల్పు 9 అయితే ఫ్లాప్ వెడల్పు 11. పెట్టె మీద రాసిన పెద్దది, చిన్నది అన్న మాటలు నమ్మకుండా ఫ్లాప్ లోపలి కొలత ఎంతో చూసి కొనండి. కొందరు బయటి చట్రం కొలతే వేస్తారు, దానికీ దీనికీ మూడు నాలుగు అంగుళాల తేడా ఉంటుంది.

రెండు కుక్కలుంటే పై అంచు పెద్దదానికి, కింది అంచు చిన్నదానికి. లాబ్రడార్, పామేరియన్ రెండూ ఉన్న ఇంట్లో ఈ లెక్కతో ఫ్లాప్ మరీ పొడుగైపోతుంది. అప్పుడు పెద్దదాని లెక్కే పట్టుకుని, లోపలా బయటా చిన్నదానికి ఒక ఇటుక మెట్టు వేయడం మేలు. కుక్కపిల్లకు సరిపోయే తలుపు కొనకండి. లాబ్రడార్ దాదాపు ఏడాదికి పూర్తి ఎత్తు వస్తుంది. మగదైతే భుజం దగ్గర 22 అంగుళాల పైన, జర్మన్ షెపర్డ్ మగది 24 నుంచి 26 అంగుళాలు ఉంటుంది. నాటు పిల్లయితే తల్లిని చూసి అంచనా వేయండి. ముసలి కుక్క, కీళ్ళ నొప్పులున్న కుక్క ఉంటే కింది అంచు వీలైనంత దించండి. దించేకొద్దీ వాన నీళ్ళకు దారి ఇస్తున్నారని మాత్రం గుర్తుంచుకోండి. బయటి అరుగు కన్నా అంచు నాలుగైదు అంగుళాలు పైన లేకపోతే చిందిన నీరంతా లోపలికే.

ఎలాంటిది కొనాలి

మెత్తటి వినైల్ ఫ్లాప్ కుక్క వీపుకు తగిలినా నొప్పి ఉండదు, బెరుకు కుక్కలు త్వరగా అలవాటు పడతాయి. మన ఎండకు అది చుట్టుకుపోవడం, అంచులు లేవడం మామూలే. దాన్ని అరిగే వస్తువుగా లెక్కేసుకుని, విడిగా ఫ్లాప్ దొరికే రకమే కొనండి. గట్టి పాలికార్బనేట్ ఫ్లాప్ ఎండకు నిలుస్తుంది, గాలికి టకటకలాడుతుంది. ఏసీ గది తలుపుకు పెడుతుంటే రెండు ఫ్లాపులున్నది తీసుకోండి. లేకపోతే కరెంటు బిల్లు చూసి కుక్కను తిట్టుకుంటారు.

ఫ్లాప్ అడుగున అయస్కాంతం, చుట్టూ బ్రష్ పట్టీ ఉన్నవి గాలికి తెరుచుకోవు, చీమలకూ జెర్రులకూ కొంత అడ్డు. ఇనుప స్క్రూలున్నది కొనకండి. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో స్టెయిన్‌లెస్ 316 రకం స్క్రూలు వేయండి. ఒంగోలు, నెల్లూరు పట్టణాల్లో 304 చాలు. పెట్టెలో వచ్చిన పూత స్క్రూలు పారేసి ఇవి వేసుకోవడం పెద్ద ఖర్చేం కాదు.

నాలుగు రకాల గడియ ఉన్నవి దొరుకుతాయి: రెండు వైపులా పోవచ్చు, లోపలికి మాత్రమే, బయటికి మాత్రమే, పూర్తిగా మూత. సాయంత్రం కుక్కను లోపలికి రానిచ్చి మళ్ళీ పోకుండా చేయాలంటే "లోపలికి మాత్రమే" బాగా పనికొస్తుంది. కుక్క చర్మం కింద ఉన్న 15 అంకెల చిప్‌ను చదివి తెరుచుకునే తలుపులు కూడా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పిల్లులకూ చిన్న కుక్కలకూ సరిపోయేవే. పక్కింటి పిల్లి బాధ తీవ్రంగా ఉంటే పెట్టుకోవచ్చు. ఒకటి మాత్రం ఆ చిప్ కూడా కనిపెట్టలేదు: మీ కుక్క నోట్లో పందికొక్కు ఉందా లేదా అన్నది. తెల్లారేసరికి హాల్లో కానుక సిద్ధంగా ఉండొచ్చు.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ మార్కులు వేసేది జారుడు మూత పలకకు. ఫ్లాప్‌కు ఎంత అయస్కాంతం ఉన్నా అరంగుళం సందు చాలు, పాము తల దూర్చి నెట్టుకుని వస్తుంది. గాడిలో పైనుంచి దిగి, కింద గట్టిగా కూర్చునే పలక లేని కుక్క తలుపు మన ఊళ్ళకు పనికిరాదు. ప్లాస్టిక్ పలక కన్నా లోహపు పలక మేలు.

తలుపు కోసి బిగించడం

మాఘ, ఫాల్గుణ మాసాలు ఈ పనికి అనువు. వానల్లో చెక్క ఉబ్బి ఉంటుంది. అప్పుడు బిగువుగా కోసినది వేసవికి వదులైపోతుంది. సీలెంట్ ఆరడానికి కూడా పొడి రోజులు కావాలి.

కావలసినవి: జిగ్‌సా మిషన్, డ్రిల్, 12 మిల్లీమీటర్ల బిట్, మూలమట్టం, రసమట్టం, మాస్కింగ్ టేపు, సాండ్ పేపర్, వుడ్ ప్రైమర్, సిలికాన్ సీలెంట్, కళ్ళద్దాలు, మాస్క్. ఇవన్నీ కొనే బదులు కార్పెంటర్‌ను పిలిచి పక్కన నిలబడటం చౌక. అప్పుడు కూడా కింది క్రమం తెలిసి ఉండాలి, ఎందుకంటే వాళ్ళు తొందరలో వదిలేసేది ఒకే ఒక్కటి, అది ఐదో మెట్టు.

1. తలుపు బందులు విప్పి, రెండు బల్లల మీద పడుకోబెట్టండి. నిలబెట్టి కోస్తే గీత వంకర పోతుంది. విప్పే ముందే, తలుపు వేసి ఉండగా, నేల నుంచి కింది అంచు ఎంత ఎత్తో తలుపు మీద గీత పెట్టుకోండి. తలుపు కింద ఉన్న సందు, గడప ఎత్తు ఈ లెక్కలో కలవాలి.

2. గడియ ఎక్కడుందో చూడండి. మన తలుపులకు కింద ఒక గడియ, నడుమ ఆల్‌డ్రాప్ (తాళం పట్టే పెద్ద అడ్డ గడియ), పైన ఒక గడియ ఉంటాయి. కంతలోంచి చెయ్యి పెడితే భుజం దాకా, అంటే రెండున్నర అడుగుల దాకా అందుతుంది. కింది గడియను లెక్క నుంచి తీసేయండి. ఆల్‌డ్రాప్ కూడా అందేలా ఉంటే దానికి లోపలి నుంచి తాళం పడేలా చేయండి, లేదా పై గడియ తప్పనిసరి చేసుకోండి. కంతను గడియల వైపు కాకుండా బందుల వైపు జరపగలిగితే ఇంకా మంచిది.

3. తలుపుతో వచ్చిన కాగితపు అచ్చు అంటించి, రసమట్టంతో సరిచూసి గీయండి. అచ్చు లేకపోతే చట్రం లోపలికి వెళ్ళే భాగాన్ని కొలిచి, నాలుగు వైపులా రెండేసి మిల్లీమీటర్లు కలపండి. గీత మీద మాస్కింగ్ టేపు వేసి, దాని మీద మళ్ళీ గీయండి. టేపు ఉంటే పైపొర పెచ్చులు లేవదు.

4. నాలుగు మూలల్లో గీతకు లోపలివైపు 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, జిగ్‌సా దూర్చి కోయండి. ఆఖరి వైపు కోసేటప్పుడు ఊడే ముక్కను కింద ఒకరు పట్టుకోవాలి. ఆ ముక్కను పారేయకండి. ఎప్పుడైనా కంత మూయాలంటే అదే రంగు, అదే చెక్క మళ్ళీ దొరకదు.

5. కోసిన అంచులకు సాండ్ పేపర్ కొట్టి, చెదల మందు పూసి, ఆరాక ప్రైమర్ రెండు పూతలు వేయండి. బయటికి కనపడని చోటే కదా అని వదిలేస్తే కార్తీకం వానల్లో నీరు అక్కడి నుంచే పీల్చుకుని ఫ్లష్ డోర్ ఉబ్బుతుంది. చెదలు కూడా పచ్చి కోత వెతుక్కునే వస్తాయి. ఈ ఒక్కదానికి రోజంతా పట్టినా పట్టనివ్వండి.

6. సీలెంట్ వేయకుండా ఒకసారి చట్రం పెట్టి చూడండి. ఫ్లాప్ ఎక్కడా రాయకుండా ఊగాలి. సరిపోతే బయటి చట్రం వెనక పైనా, రెండు పక్కలా సిలికాన్ గీత పెట్టండి. కింద పెట్టవద్దు. ఎలాగైనా లోపలికి చేరిన నీరు అక్కడి నుంచి బయటికి కారిపోవాలి.

7. బోల్టులు లోపలి వైపు నుంచి, చేతి స్క్రూడ్రైవర్‌తో, ఒకదానికొకటి ఎదురు మూలలు బిగిస్తూ పోవాలి. డ్రిల్‌తో ఒక్కసారిగా బిగిస్తే ప్లాస్టిక్ చట్రం వంగి ఫ్లాప్ పట్టేస్తుంది. బయటినుంచి విప్పగలిగే స్క్రూ తలకాయ ఒక్కటి కూడా కనపడకూడదు.

తలుపు తిరిగి బందులకు ఎక్కించి, ఒకరోజు ఆరనిచ్చాక, బయటినుంచి బకెట్‌తో నీళ్ళు విసిరి చూడండి. పైప్‌తో పడితే సరిపోదు, తుపాను వాన విసిరినట్టే ఉంటుంది.

గోడకు పెట్టేవాళ్ళకు

తలుపు కుదరనప్పుడే గోడ. పిల్లర్లు, బీములు ఉన్న ఇంట్లో తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు అడుగున్నర లోపు వెడల్పు కంత పెట్టడం మేస్త్రి చేసే పనే. పిల్లర్ పక్కన వద్దు. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా కింద వద్దు, అక్కడ కరెంటు పైపు దిగి ఉంటుంది. వంటింటి గోడలో నీళ్ళ పైపులు ఎటు పోయాయో ప్లంబర్‌ను అడగండి. ఉదయగిరి, కనిగిరి వైపు పాత రాతి గోడలు, మట్టి గోడలు ఉన్న ఇళ్ళలో ఈ పని పెట్టుకోవద్దు. ఒక రాయి కదిలితే నాలుగు కదులుతాయి.

గ్రైండర్‌తో రెండు వైపులా గీత కోసి, ఆ తర్వాతే ఉలి, సుత్తి. ముందే సుత్తి వేస్తే అవతల ప్లాస్టరింగ్ చేటంత ఊడుతుంది. కోసేటప్పుడు నీళ్ళు చల్లుతూ ఉండాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. కంత పైన మూడంగుళాల మందం ఆర్‌సీసీ లింటెల్, అటూ ఇటూ ఆరేసి అంగుళాలు గోడలోకి కూర్చునేలా. అడుగు భాగం బయటికి వాలుగా ఉండాలి, తొమ్మిది అంగుళాల మందానికి అరంగుళం వాలు చాలు.

ఆ అడుగుకు చీమకుర్తి గ్రానైట్ ముక్క వేయించండి. పాలిష్ యూనిట్ల దగ్గర, రాళ్ళ దుకాణాల్లో కోతలో మిగిలిన ముక్కలు దొరుకుతాయి. పాలిష్ లేని వైపు పైకి రావాలి, నున్నటి వైపు తడిస్తే కుక్క కాళ్ళు జారతాయి. మార్కాపురం పలకరాయి అందంగా ఉంటుంది గానీ పొరలుగా లేస్తుంది. గోళ్ళు రోజూ గీరే చోట నేనైతే వేయించను. రాయి బయటికి ఒక అంగుళం ముందుకు రావాలి, దాని అడుగున సన్నగా గాడి కొట్టిస్తే నీరు గోడ పట్టుకుని జారకుండా అక్కడే బొట్లుగా రాలుతుంది.

కొనకుండా చేసుకునే పద్ధతి

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో గుమ్మాలకు వేలాడే పారదర్శక పీవీసీ పట్టీలు చూసే ఉంటారు. 200 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం పట్టీ మీటర్ల లెక్కన దొరుకుతుంది. పెద్ద కుక్కకు రెండు పట్టీలు, ఒకదాని మీద ఒకటి మూడో వంతు ఎక్కేలా, పైన అల్యూమినియం పట్టీతో బిగిస్తే చక్కటి ఫ్లాప్. మార్చుకోవడం తేలిక. అయస్కాంతం ఉండదు కాబట్టి మూత పలక ఇక్కడ మరీ అవసరం. గాడి కోసం రెండు అల్యూమినియం ఛానెళ్ళు, మధ్యలో దిగే రేకు, చివర చిన్న గడియ ఉంటే సరిపోతుంది. మెష్ తలుపుకు నేను చెప్పేది ఇదే.

కుక్కకు అలవాటు చేయడం

బిగించిన రోజే ఫ్లాప్ తగిలించి కుక్కను నెట్టకండి. ఒకసారి బెదిరితే దాన్ని మళ్ళీ ఆ చోటికి తేవడం కష్టం. మొదట ఫ్లాప్ తీసేసి, లేదా పైకి కట్టేసి, ఖాళీ కంతలోంచి అటొకరు ఇటొకరు కూర్చుని పిలవండి. ఉడికించిన కోడి ముక్కో గుడ్డు ముక్కో చేతిలో ఉంటే చాలు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం కుక్కకు పెట్టకూడదు. తోక ఊపుతూ పోయి వస్తున్నప్పుడు ఫ్లాప్ చోట ఒక పల్చటి గుడ్డ వేలాడదీయండి. దాన్నీ లెక్కచేయకపోతే ఫ్లాప్ తగిలించి, చేత్తో సగం ఎత్తి పట్టుకుని పిలవండి, తర్వాత వీపు మీద మెల్లగా వదలండి. అయస్కాంతం మీద మొదట్లో టేపు అంటిస్తే నెట్టడం తేలికవుతుంది. కొన్ని కుక్కలు పూటలో నేర్చుకుంటాయి, కొన్ని పక్షం తీసుకుంటాయి. ఇంట్లో ఇంకో కుక్క ముందే నేర్చి ఉంటే రెండోది దాన్ని చూసి పోతుంది.

మూత పలక దించి ఉన్నప్పుడు కుక్క తలతో ఢీకొట్టుకోకుండా, పలక మీద ఒక రంగు టేపు అడ్డంగా అంటించండి. కొన్నాళ్ళకు దాన్ని చూసి ఆగుతుంది.

రాత్రి, తుపాను, ఏటేటా చూసుకోవాల్సినవి

సందె దీపం పెట్టే వేళకు మూత పలక దించడం ఇంట్లో ఒకరి పనిగా పెట్టుకోండి. అందరి పని అయితే ఎవరూ చేయరు. కట్లపాము రాత్రి తిరిగే పాము, నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలోనే కాటేస్తుంది, కాటు నొప్పి కూడా పెద్దగా ఉండదు. రాత్రి కుక్క బయటికి పోవాల్సి వస్తే లేచి తలుపు తీయడమే మంచిది. కంతకు బయట నాలుగడుగుల మేర ఇటుకల కుప్ప, కట్టెల మోపు, పాత కుండీలు ఉంచకండి, తేళ్ళూ పాములూ దాక్కునేది అక్కడే.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు పలక దించి, బయటి వైపు అంచుల చుట్టూ వెడల్పాటి టేపు వేయండి. గోడ కంతకైతే లోపలివైపు ఒక పాత గోనెసంచి మడిచి పెట్టండి.

నెలకోసారి ఫ్లాప్‌ను సబ్బు నీళ్ళతో కడగండి, అయస్కాంతానికి అంటిన ఇనుప రజను తుడవండి. కీచుమంటే కొబ్బరినూనె పూయకండి, చీమలు పడతాయి. సిలికాన్ స్ప్రే వాడండి. దసరా వెళ్ళగానే, పెద్ద వానలకు ముందు, సీలెంట్ చీలిందేమో, ఫ్లాప్ అంచు లేచిందేమో, గాడిలో పలక సాఫీగా దిగుతోందో చూడండి. విడి ఫ్లాప్ ఒకటి ముందే తెప్పించి అటక మీద ఉంచుకోండి. దాని మోడల్ నంబరు తలుపు లోపలి వైపు, చట్రం పక్కన, పర్మనెంట్ మార్కర్‌తో రాసి పెట్టండి. పెట్టె ఎప్పుడో పోతుంది, నంబరు లేకుండా సరైన ఫ్లాప్ దొరకదు.